రోజు మార్చి రోజు

చొక్కా మూడో గుండీ చూడగానే ఆమెకు ఒళ్ళు మండిపోయింది. తెల్ల చొక్కాకి నల్లదారంతో కుట్టి ఉంది. అదైనా కుదురుగా ఉందా అంటే, ముడి పైకే కనబడుతోంది, గుండీ ఓ పక్కకి ఒరిగిపోయింది. ఇరవై ఏళ్ళుగా బట్టలు కుట్టి బతుకుతున్న మనిషి ఇలాంటివి చూసి ఊరుకోలేదు.

"ఇదేం కుట్టండీ? ఆవిడకి సూది పట్టుకోవడం కూడా రాదా?"

ఆమె భర్త టీ గ్లాసు కింద పెట్టి చొక్కా వైపు చూశాడు. "తొందరలో అలా అయిపోయిందిలే."

"ఊరందరి కుట్టుమిషన్లూ బాగుచేస్తారు. మీ చొక్కాకి మాత్రం దిక్కులేదు."

"ఆ ఇంటి ఊసు ఈ ఇంట్లో వద్దని నువ్వే కదా అన్నావు."

నిజమే, అన్నది తనే. ఆ మాటకొస్తే మొత్తం చేసిందే తను. పదకొండేళ్ళ కాపురంలో కడుపు పండలేదు. లోపం తనలోనే ఉందని డాక్టరు తేల్చాక, ఇంకో పెళ్ళి చేసుకోమని అతని వెంటపడింది. పిల్లల్ని కనే హక్కు మీకుంది అంటే, ఆ హక్కు నేనడిగానా అనేవాడు. చివరికి ఆమె మూడు రోజులు మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకపోయేసరికి ఇమాం గారి దగ్గరికి వెళ్ళాడు. పెళ్ళి చేసుకోవడం సులువేననీ, ఇద్దరి మధ్య న్యాయం తప్పకుండా ఉండటమే కష్టమనీ ఆయన చెప్పారట. తిండి, గుడ్డ, గది, రోజులు, ఏదీ ఒకరికి ఎక్కువా ఒకరికి తక్కువా కాకూడదు.

నెల తిరక్కుండా అతను వంతెన అవతల దుకాణం పెట్టాడు. "సరే, నీ మాటే కానీ. రోజు మార్చి రోజు అక్కడుంటాను" అన్నాడు. ఆమె ఒకే షరతు పెట్టింది. ఆ పెళ్ళికి తను రాదు, ఆ మనిషి ముఖం చూడదు, ఆ ఇంటి మాట తన చెవిన పడకూడదు. అతను తలూపాడు.

రెండేళ్ళయింది. అతను ఒక్కసారి కూడా వంతు తప్పలేదు. న్యాయం అతనొక్కడి సొత్తా ఏమిటని, ఆమె కూడా తనకో జత కుట్టుకున్నప్పుడల్లా ఆవిడకీ ఓ జత కుట్టి పంపేది. కొలతలు అడిగితే "నీ కొలతే సరిపోతుంది" అన్నాడు. ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది. ఒడ్డూ పొడుగూ కూడా తనలాంటి దాన్నే వెతుక్కున్నాడన్నమాట.

అతను అవతలున్న రోజు ఆమెకు గడిచేది కాదు. ఒక్కదాని కోసం పొయ్యి వెలిగించబుద్ధి కాక పొద్దుటి అన్నమే సాయంత్రమూ తినేది. ఇంట్లో అలికిడి లేకపోతే భయమేసి, కుట్టడానికేమీ లేకపోయినా పాత గుడ్డముక్క పెట్టి మిషను తొక్కేది. ఆ వేళకి అక్కడ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తింటుంటారని తలచుకుంటే ముద్ద దిగేది కాదు. కోరి తెచ్చుకున్న ఏడుపు, ఎవరితో చెప్పుకుంటుంది?

పోనీ అతనైనా సుఖంగా ఉన్నాడా అంటే, చిక్కి సగమయ్యాడు. అక్కణ్ణుంచి వచ్చిన పొద్దున ఆవురావురుమంటూ తింటాడు. పిల్లల కబురు లేనే లేదు.

మర్నాడు అతను వంతెన దాటి వెళ్ళాక ఆమె ఇమాం గారింటికి వెళ్ళింది. ముందు గుండీ సంగతే ఎత్తింది. మొగుడి బట్టలు చూసుకోవడం భార్య బాధ్యత కాదా అని అడిగింది. ఆయన నవ్వి, ప్రవక్తగారే తన బట్టలు తాను కుట్టుకునేవారనీ, మగవాడు సూది పడితే నామోషీ ఏమీ లేదనీ అన్నారు. "అసలు సంగతి చెప్పమ్మా."

"నా వంతు రోజులు కూడా ఆవిడకే ఇచ్చేద్దామనుకుంటున్నానండీ. సగం మనిషితో నేను బావుకున్నదీ లేదు, ఆవిడ బావుకున్నదీ లేదు. పూర్తిగా అక్కడే ఉంటే ఆ ఇంట్లోనైనా ఓ పిల్ల నవ్వుతుంది."

వంతు ఆమె హక్కేననీ, ఇష్టపడి వదులుకోవచ్చనీ, కావాలనుకుంటే మళ్ళీ అడగొచ్చనీ చెప్పారు. తర్వాత మెల్లగా అన్నారు. "ఇచ్చేముందు ఒక్కసారి వెళ్ళి చూడమ్మా. ఇవతల నీకే ఇంత ఒంటరిగా ఉంటే, అవతలి మనిషికి ఎలా ఉందో."

వంతెన మీద నడుస్తున్నంతసేపూ ఏం మాట్లాడాలో కూడబలుక్కుంది. ఏడవకూడదు. దెప్పకూడదు. అయినా ఉండబట్టలేక సంచిలో ఓ తెల్లదారం రీలు వేసుకుంది.

దుకాణం మూసి ఉంది. పక్కనే గుమ్మంలో ఉల్లిపాయలు ఒలుస్తున్న ముసలావిడ, ఆ ఇంటి యజమానురాలు, మెకానిక్ బేరానికెళ్ళాడనీ ఇప్పుడే వచ్చేస్తాడనీ చెప్పింది. ఎవరొచ్చినా కూర్చోబెట్టమన్నాడంటూ వెనక గది తలుపు తోసింది.

ఒక చాప, ఒక దిండు. బోర్లించిన కంచం ఒకటి, పక్కన గ్లాసు ఒకటి. మేకుకి అతని చొక్కా, దాని జేబుకి గుచ్చిన సూది, సూదిలో నల్లదారం. గూట్లో తను కుట్టి పంపిన నాలుగు జతలూ వేసిన మడత వేసినట్టే ఉన్నాయి.

తను కుట్టిన గుడ్డ ఒంటికి తాకించుకోనంత అసహ్యమా ఆవిడకి? లేక అతన్ని వదిలేసి పుట్టింటికి వెళ్ళిపోయిందా? ఆ మాట తనకు చెప్పలేక ఇక్కడ ఒక్కడే పడుంటున్నాడా?

"మెకానిక్ గారి భార్య ఎక్కడికెళ్ళిందండీ?" గుమ్మంలోకి వచ్చి అడిగింది.

ముసలావిడ ఒలుస్తున్న ఉల్లిపాయ ఆపి ఆమెను వింతగా చూసింది.

"ఆయనకున్నది ఒక్కతే పెళ్ళామమ్మా, వంతెన అవతల బట్టలు కుడుతుంటుంది."