స్లాబు దావత్

ఆ ముసలాయన మళ్లీ వచ్చి ఇసుక కుప్ప మీద కూర్చున్నాడు.

మనోజకు ఒళ్లు మండింది.

ఇబ్రహీంపట్నంలో ఆమె సొంతంగా పట్టిన మొదటి కాంట్రాక్టు ఇది. వెనక పోర్షన్ స్లాబు అయిపోయింది. ముందు పోర్షన్‌ది ఆషాఢం రాకముందే పడాలి. మాట తప్పితే రెండో పని ఎవరిస్తారు?

ఈయనది రోజూ ఒకటే పాట. సెంట్రింగ్ మేస్త్రి సతీశ్‌ను పదిహేను రోజులు ట్రైనింగుకు పంపాలట.

"బిల్డర్లు కట్టే సెస్సుతోనే నడుస్తది బిడ్డా ఆ సెంటర్. నువ్వు కట్టిన పైసలే. నీ మనిషికి పని నేర్పుతరు, ఆ దినాల కూలి గూడ ఇస్తరు."

"సెస్సు కట్టుడు గాక మనిషిని గూడ ఇయ్యాల్నా? తోలుకపోతే నీకేమన్న కమీషన్ ముడ్తదా, పెద్దాయనా?"

ఆయన నవ్వి, రేపొస్తానని లేచాడు.

వెనక స్లాబు పడిన నాడు కూలీలందరికీ మటన్ దావత్ పెడితే, అందరూ లొట్టలేస్తూ తిన్నారు గానీ ఈయన చెయ్యి కూడా కడగలేదు. స్లాబు దావత్ తిననన్నాడు. తమ ఇంట్లో వండింది ఆయన గొంతు దిగదు కాబోలని మనోజకు అప్పుడే మనసు విరిగింది.

అయినా ఈ పనిలో తనకొకరు చెప్పేదేమిటని ఆమె ధీమా. ఉండదా మరి! ఆమె తండ్రి నారయ్య సెంట్రింగ్ కూలి. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడే శివయ్య సేటు కట్టించిన స్లాబు కూలి, దాని కిందే పోయాడు. చూసెరుగని ఆ సేటు పేరు వింటే చాలు, ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. పంతం పట్టి సివిల్ డిప్లొమా చదివింది. తన స్లాబు కింద ఒక్క ప్రాణం పోనివ్వనని తల్లి ఎంకమ్మకు మాటిచ్చింది. అందుకే స్లాబును మోసే ప్రతి కర్రనూ తానే కొట్టి చూసుకుంటుంది.

ముసలాయన మాత్రం ఉడుం పట్టు పట్టాడు. పీడ విరగడవుతుందని చివరికి సతీశ్‌ను పంపింది.

ఆ మర్నాటి నుంచి ఆయన పత్తా లేడు. కమీషన్ ముట్టినట్టుందని మనోజ కూలీలతో చెప్పి నవ్వింది.

ట్రైనింగు ముగించి వచ్చిన సతీశ్, స్లాబు నాటి పొద్దున కాంక్రీటు కలిపే మిల్లర్ తిరగబోతుంటే అడ్డం నిలబడి స్లాబు కింద ఒకచోట నేల చూపించాడు. సెప్టిక్ ట్యాంకు కోసమని మొదట్లో తవ్వి, వద్దనుకొని పూడ్చిన గుంత అది. సరిగ్గా దాని మీదే కర్రలు నిలబెట్టారు.

"అక్కా, కర్రలు సక్కగనే ఉన్నయి. కింద మట్టే మంచిది కాదు. గుంతకు అటూ ఇటూ గట్టి నేల మీద ఆనేటట్టు దుంగలేద్దాం. జర ఆగు."

ఒక్క పూట ఆలస్యమైతే కొంప మునగదని మనోజ తానూ ఒక దుంగకు భుజం పట్టింది. మధ్యాహ్నం కాంక్రీటు పోశారు. సాయంత్రం వాన దంచికొట్టింది.

తెల్లారి చూస్తే గుంతలో మట్టి మూరెడు దిగిపోయి ఉంది. దుంగల మీద కర్రలు, కర్రల మీద స్లాబు, చెక్కుచెదరలేదు.

దుంగలు లేకుంటే స్లాబు కూలేదే అనుకుంది మనోజ. ముసలాయన గుర్తొచ్చాడు. పాపం, ఏనాడూ పేరైనా అడగలేదు.

మళ్లీ మటన్ వండించి, ఈసారి తినిపించే వస్తానని, తల్లిని స్కూటీ మీద ఎక్కించుకొని ట్రైనింగ్ సెంటర్‌కు పోయింది.

అక్కడ పాఠాలు చెప్పే అరుణ గోడ వైపు చూపించింది. ముసలాయన ఫొటో, దానికి దండ. సతీశ్ వాళ్ల బ్యాచి అయిపోయిన రెండు రోజులకే గుండె ఆగి పోయాడట.

కమీషన్ కోసం తిరుగుతున్నాడనుకున్నానని మనోజ ఒప్పుకుంది.

"కమీషనా? బస్సు కిరాయి గూడ ఆయనదే," అంది అరుణ. "అన్ని సైట్లూ తిరిగేటోడు. మీ సైటంటేనే ఆయనకు మస్తు ఫికర్."

ఎంకమ్మ ఫొటోకు దగ్గరగా పోయి ఆ మొహాన్ని పట్టిపట్టి చూసింది. కళ్లు తుడుచుకుంది. తర్వాత కూతురి చేతిలోని టిఫిన్ తీసుకొని, మూత తీసి ఫొటో ముందు పెట్టింది.

"నా బిడ్డ స్లాబు నిలవడ్డది. ఇగ తినుర్రి, శివయ్య సేటూ."