చివరి పేపరు

ఆ ఉదయం మబ్బు కమ్మింది గాని చినుకు రాల్లేదు. పరీక్ష గదిలో పట్టపగలే లైట్లు వేశారు.

లెక్కల టీచరు బెంచీల మధ్య చప్పుడు లేకుండా తిరుగుతోంది. కిటికీ పక్క వరసలో ఒక మెడ కొంగ మెడలా ముందుకు సాగింది.

"లేవరా!"

లేచినవాడు లంగరు.

ఆ పేరు పిల్లలు పెట్టింది. బడి తెరిచిన కొత్తలో వచ్చి చేరాడు. తండ్రిది రోడ్లు వేసే పని. రోడ్డు ఎటు సాగితే సంసారం అటు. తెలుగు గాని, సైన్సు గాని, లెక్కలు గాని, ఎందులో చూసినా చివరివాడు వీడే. ఎక్కడ వేసినా అడుక్కే పోతాడని లంగరు అన్నారు.

"ఎవరి పేపరు చూస్తున్నావురా?"

 వాడి ముందు కూర్చున్నది టీచరు కూతురే.

ఆ పిల్ల వెనక్కి తిరిగింది. "అమ్మా, కాదు... టీచర్, వాడు..."

"నువ్వు నోరు మూసుకుని రాసుకో."

టీచరుకు ఒక పద్ధతి ఉంది. దిద్దిన పేపర్లు మార్కుల వరసలో పేరు పిలిచి చేతికిస్తుంది. చివరి పేపరుకు మాత్రం పేరు పిలవదు. బల్ల మీద పెట్టేస్తుంది. అది ఎవరిదో వాళ్ళే లేచి, అందరూ చూస్తుండగా నడిచొచ్చి తీసుకోవాలి. సిగ్గు పుడితే చదువుతారని ఆవిడ నమ్మకం. తక్కిన టీచర్లూ అదే అలవాటు చేసుకున్నారు.

నిరుడు ఆ బల్ల దాకా ఎక్కువగా నడిచింది ఆవిడ కూతురే. సొంత పిల్లని మినహాయిస్తే తన మాట ఎవరు వింటారని ఆవిడ కళ్ళు తిప్పుకునేది. ఇంటికొచ్చాక పిల్లకు ముద్ద దిగేది కాదు. ఒకరోజు బడికని బయల్దేరి సాయంత్రం దాకా బస్టాండులో కూర్చుంది.

ఈ ఏడు ఆ గండం గడిచింది. లంగరు వచ్చాడు. పిల్ల నవ్వుతోంది, తింటోంది.

టీచరు వాణ్ణి తన గదికి తీసుకొచ్చాక హెడ్మాస్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"కాపీ కొట్టేవాడు ఫస్టు వచ్చేవాడి వెనక చేరతాడు గాని మేడమ్..." అని, ఆవిడ మొహం చూసి మిగతాది మింగేశాడు.

"మా అమ్మాయి ఇప్పుడు బాగా చదువుతోంది సార్."

"సరే, సరే. ఏరా, కాపీ కొట్టావా?"

వాడు గుమ్మం వైపు చూశాడు. అక్కడ టీచరు కూతురు తలుపు పట్టుకుని నిలబడి ఉంది. నోరు తెరిచింది. మూసింది.

"కొట్టానండి," అన్నాడు వాడు.

బడి నుంచి పంపేస్తూ టీసీ రాయడానికి కూర్చున్న గుమాస్తా అడిగాడు: "ప్రవర్తన దగ్గర ఏం రాయమంటారు మేడమ్?"

"ఉన్నదే రాయండి."

"బాగాలేదని రాస్తే ఇంకే బడీ గడప తొక్కనివ్వదండీ."

"ఆ బుద్ధి వాడికి ముందే ఉండాల్సింది."

కొన్నాళ్ళకు వాడి తండ్రి వచ్చాడు. చెప్పులు బయట విడిచాడు. పాదాలు తారుతో అట్టకట్టి ఉన్నాయి.

"ఆ ఒక్క ముక్క కొట్టేయండమ్మా. ఎక్కడికి తీసుకెళ్ళినా అది చూసి తిప్పి పంపుతున్నారు."

"ఏదో ఒక పని నేర్పించవయ్యా. చదువు అందరికీ రావాలనేముంది?"

"నేర్చుకుంటున్నాడండి. తారు మోస్తున్నాడు."

దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ వెంటనే రోడ్డు పని ఊరు దాటింది. వాళ్ళ రేకుల షెడ్డు ఉన్నచోట కంకర మిగిలింది.

అర్ధసంవత్సరం పరీక్షలయ్యాయి. టీచరు పేపర్లు పంచుతూ వచ్చింది. చేతిలో ఒకటి మిగిలింది. పేరు పిలవకుండా దాన్ని బల్ల మీద పెట్టింది.

ఆవిడ కూతురు లేచింది.

"కొత్త లంగరొచ్చిందిరోయ్!" అన్నాడు వెనక బెంచీ నుంచి ఎవడో. తరగతంతా గొల్లుమంది.

ఆ సాయంత్రం పిల్ల యూనిఫాం కూడా విప్పలేదు. కంచం ముందు కూర్చుందే గాని చెయ్యి కడుక్కోలేదు.

"మొన్నటిదాకా బాగానే రాశావు కదే. ఇప్పుడేమొచ్చింది?"

"మొన్నా ఇంతేనమ్మా."

"ఇంతే ఏమిటి? ఆ లంగరుగాడు నీ పేపరు చూసే కదే రాసుకుంది!"

"వాడా?" పిల్ల తలెత్తింది. "నేను వదిలేసిన లెక్కలన్నీ, గంట కొట్టగానే వరండాలో సుద్దముక్కతో నాకు చేసి చూపించేవాడు. ఒక్కటీ తప్పు పోయేది కాదు."

అన్నం వడ్డిస్తున్న చెయ్యి ఆగింది.

"మరి నీ పేపరెందుకు చూసేవాడే?"

"నేనెన్ని వదిలేశానో చూసుకోడానికి. చూసుకుని, తను ఇంకొకటి ఎక్కువ వదిలేసేవాడు."

టీచరు గరిటె పక్కన పెట్టి పీట మీద కూర్చుంది.

"ఎందుకురా నీకిది అంటే నవ్వేవాడమ్మా. 'మేం ఎలాగూ పోయేవాళ్ళం, నువ్వు ఇక్కడే ఉండాలి కదా' అనేవాడు."

"ఆ రోజు హెడ్మాస్టరు గదిలో ఎందుకు చెప్పలేదే తల్లీ?"

"చెప్తే మళ్ళీ నేనే కదమ్మా చివర."

ఆవిడ చాలాసేపటికి లేచి తనకూ ఒక కంచం పెట్టుకుంది. తల్లీ కూతురూ ఎదురెదురుగా కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, చల్లారిపోయిన అన్నం తిన్నారు.