మొదటి పేజీ మీద పేచీ

"తొమ్మిదోసారి చెప్తున్నా నెస్టర్, ఈ ఊరికి మొదట వచ్చింది మా తాత!" సోల్వెగ్ హాగెన్ పెన్సిలు బల్ల మీద విసిరికొట్టింది.

"తొమ్మిదోసారీ తప్పే చెప్తున్నావు," అన్నాడు నెస్టర్ బాబియుక్, కాఫీలో తాపీగా చక్కెర కలుపుకుంటూ.

ఆల్డర్‌బీ ఊరి చరిత్ర పుస్తకం సోమవారం అచ్చుకు వెళ్లాలి. జులైలో ఊరి ఉత్సవానికి ఎక్కడెక్కడి నుంచో మూడువందల మంది వస్తామని పేర్లిచ్చారు. డెబ్బై రెండేళ్ల సోల్వెగ్ ఒకప్పటి బడి పంతులమ్మ. రెండు చలికాలాలు కూర్చుని పుస్తకం రాసింది. పక్క వీధి నెస్టర్ రైలు పట్టాల పక్కన గోధుమలు నిలవచేసే ఎలివేటరులో నలభయ్యేళ్లు పనిచేశాడు. తప్పులుంటే చూసిపెట్టమని అతన్ని పిలిచింది. అదే ఆమె చేసిన పెద్ద తప్పు.

1908లో రైలు వచ్చిందని రాస్తే, ఏ నెలో రాయలేదేమన్నాడు. ఐదు ఎలివేటర్లు, మూడు చర్చిలు, రెండు హోటళ్లు, ఒక బ్యాంకు లేచాయని రాస్తే, మంగలి దుకాణం ఏం పాపం చేసిందన్నాడు. 1928 నాటికి జనాభా ఏడువందలంటే, "ఏడువందల పద్నాలుగు" అన్నాడు. అన్నీ పంటి బిగువున దిద్దింది. మొదటి పేజీ దగ్గర మాత్రం బండి కదల్లేదు.

"మా తాత హాల్వర్ 1906 మేలో ఎద్దులబండి కట్టుకుని వచ్చాడు. భూమి పట్టా ఉంది. మీ తాతకేముంది?"

"గుంత ఉంది. అంతకుముందు చలికాలమంతా ఆ గుంతలో, నెత్తిన మట్టిపెళ్లలు కప్పుకుని బతికాడు. మీ తాత ఎద్దులు నీళ్లు తాగింది మా తాత తవ్విన బావిలోనే."

"రుజువేదీ?"

"ఎద్దుల్ని అడుగు."

సోల్వెగ్‌కి ఒళ్లు మండిపోయింది. "ఇక నావల్ల కాదు! మూస్ జా పట్నంలో మా చెల్లెలు నాకోసం గది సిద్ధం చేసి రెండేళ్లయింది. ఆదివారం వెళ్లిపోతాను. పుస్తకం నువ్వే రాసుకో. నీ గుంత బొమ్మ అట్ట మీద వేసుకో!"

నెస్టర్ చేతిలో చెంచా ఆగింది.

"ఆదివారమా?"

"ఆదివారమే."

టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. కాఫీ సగం అలాగే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున సోల్వెగ్ తలుపు తీసేసరికి గుమ్మం ముందు పేరుకున్న మంచునంతా ఎవరో ఎత్తిపోశారు. పార పట్టుకుని నెస్టర్ నిలబడి ఉన్నాడు. జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. వంకర అక్షరాలు.

'1906 మే నెలలో హాల్వర్ హాగెన్ వచ్చాడు. ఆల్డర్‌బీ చరిత్ర ఆయనతోనే మొదలైంది.'

ఆమె రెండుసార్లు చదివింది. "మరి మీ తాత?"

"గుంతలో ఉన్నవాడు ఎవరికి కనబడతాడులే."

"రెండు నెలలు నా ప్రాణం తోడేశావు. తెల్లారేసరికి ఇంత బుద్ధి ఎక్కణ్ణుంచి వచ్చిందయ్యా?"

"రాసిచ్చాగా. ఇంకేం కావాలి?" అని నేల చూశాడు. "మరి... మూస్ జా?"

సోల్వెగ్ అతని ముఖంలోకి చూసింది. అతన్ని లోపలికి రమ్మని, పెన్సిలు తీసుకుని, ఆ కాగితం కింద ఒక వాక్యం రాసి చూపించింది. 'అంతకుముందు చలికాలం నుంచే బాబియుక్ ఇక్కడ ఉన్నాడని అంటారు.'

"అంటారేమిటి? ఉన్నాడు!"

"నెస్టర్!"

"సరే సరే. అంటారు."

"మా చెల్లెలికి ఫోన్ చేసి చెప్తాలే, ఇప్పట్లో కుదరదని," అంది విసుగ్గా, కాఫీ గిన్నె పొయ్యి మీద పెడుతూ.

నెస్టర్ కోటు విప్పి కుర్చీ లాక్కున్నాడు. "ఇక రెండో పేజీ. బడికి వేసిన రంగు తప్పు రాశావు."

సోల్వెగ్ తల పట్టుకుంది.

ఆల్డర్‌బీలో ఇప్పుడున్న జనాభా వాళ్లిద్దరే.