వంతెన దాటే మనిషి

"మీ ఆయన మళ్లీ వెళ్లాడా అక్కా?" బర్మా సరిహద్దు గేటు దగ్గర ఇమిగ్రేషన్ ఉద్యోగి ప్రసోంగ్ పలకరించాడు.

"వీసా గడువు మూణ్ణెల్లయిందిగా. బర్మాలో అడుగుపెట్టి, కొత్త ముద్ర వేయించుకుని వచ్చేస్తాడు," అంది లమ్‌దువన్, వంతెన వైపే చూస్తూ. "విమానంలో వెళ్లొస్తే ఎయిర్‌పోర్టులో సవాలక్ష ప్రశ్నలట తమ్ముడూ."

"ఇక ఈ దారిన ఏడాదికి రెండుసార్లేనట. ఈ తిప్పలన్నీ ఎందుకు, పెళ్లి రిజిస్టర్ చేయించండి. ఏడాది వీసా ఇస్తారు."

"తొమ్మిదేళ్ల కిందటే పెళ్లిలో ఊరంతా మా మణికట్లకు దారాలు కట్టింది కదా."

"దారాలు ఆఫీసులో చెల్లవక్కా. తనకు పెళ్లాం లేదని ఆయన వాళ్ల దేశం ఎంబసీ నుంచి ఒక్క కాగితం తేవాలి. రెండు రోజుల పని."

రిజిస్టర్ మాటెత్తినప్పుడల్లా, "నమ్మకం లేనివాళ్లకే కాగితాలు" అనేవాడు హెరాల్డ్. ఆ మాటకు ఆమె ప్రతిసారీ మురిసిపోయేది.

హెరాల్డ్ పాస్‌పోర్టు ఊపుకుంటూ వచ్చాడు. "పనైపోయింది. అన్నం తెచ్చావా, ఆకలి దంచేస్తోంది."

లమ్‌దువన్ అరిటాకు పొట్లం విప్పింది. ఎప్పటిలాగే జిగురన్నం ముద్ద చేసి అతని చేతిలో పెట్టింది.

"ఆవిడ పేరేంటి?" అంది.

ముద్ద నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. ఎవరి పేరని అతను అడగలేదు.