మొదటి చెంచా

హోటల్ వంటమేస్త్రీ చెంచా నోట్లో పెట్టుకున్నాడు. పెట్టుకున్నంత వేగంగానే కాగితం రుమాలులోకి ఉమ్మేశాడు.

"ఏంటయ్యా ఇది? పిస్తానా, పాతసామాన్ల గదిలో సరుకా?"

జెలాటో ఐస్‌క్రీం కొట్టాయన నవ్వబోయి, మేస్త్రీ మొహం చూసి ఆగిపోయాడు. ఈ వేసవికి హోటల్ వాళ్లు సరుకు ఇక్కడ తీసుకుంటేనే కొట్టు నిలబడుతుంది. లేకపోతే నెలాఖరుకి తలుపులు మూసేయడమే.

"పిస్తా కదండీ, ఆమాత్రం వగరు ఉంటుంది." తనూ ఒక చెంచా తిన్నాడు. "బాగానే ఉందే!"

"బాగుందా?" మేస్త్రీ ఎగాదిగా చూశాడు. "ముక్కిపోయిన పప్పు నూరి పోశావు. చేదు, కంపు! నీ చేతి పనితనం గురించి మా యజమానికి ఎంత చెప్పానో తెలుసా? ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

రుచి చూడమని పెట్టిన మిగతా రెండు గిన్నెలూ ముట్టుకోకుండానే వెళ్లిపోయాడు. తలుపు గంట చాలాసేపు ఊగింది.

గాజుపెట్టె వెనక భార్య తుడుపుగుడ్డ పట్టుకుని అలాగే నిలబడి ఉంది. ఆయన లోపలికెళ్లి పిస్తాపప్పు డబ్బా తెచ్చి ఆమె ముందు మూత తీశాడు.

"చూడు. కంపు కొడుతోందా?"

ఆమె వంగి వాసన చూసింది. తలెత్తి ఆయన మొహంకేసి చూసింది.

"పొద్దున తిన్నావుగా!"

"తిన్నాను."

కొట్టు పెట్టిన నాటి అలవాటది. ఏ రుచి చేసినా మొదటి చెంచా ఇద్దరికీ చెరిసగం. ఎదురెదురుగా నిలబడి తింటారు. ఇద్దరూ తలూపితేనే గిన్నె గాజుపెట్టెలోకి వెళుతుంది.

"తిని తలూపావు కూడా."

"ఊపాను."

ఆయన ఎత్తుపీట మీద కూలబడ్డాడు.

"నిన్ను అని ఏం లాభంలే. మొన్న చలికాలంలో వచ్చిన జ్వరం తగ్గిన దగ్గర్నుంచీ నా ముక్కుకి వాసన లేదు, నాలుకకి రుచి లేదు. మట్టి పెట్టినా తినేస్తాను. బెంగపెట్టుకుంటావని చెప్పలేదు. మూడు నెలలుగా నీ మొహం చూసే నెట్టుకొస్తున్నాను."

ఆమె గుడ్డ మడతపెట్టింది. మళ్లీ విప్పింది. మళ్లీ మడతపెట్టింది.

"ఆ జ్వరం ఇద్దరికీ వచ్చింది కదండీ," అంది. "నేను మీ మొహం చూసి ఊపుతున్నాను."