పచ్చడి వేళ

గృహహింసను ఆపాలని ప్రభుత్వం చట్టం చేసి ఇంటింటి గోడకీ ఒక చెవి పెట్టించింది. దెబ్బ చప్పుడు వినపడితే చాలు, పోలీసులు వచ్చేస్తారు. మిక్సీ మోతలో మాత్రం దానికేమీ వినపడదు. ఈ సంగతి మధ్యతరగతి మగాళ్లు వారంలోనే కనిపెట్టేశారు.

అందుకని సుదర్శనరావు కోపమొస్తే అరవడు. "హైమా, పచ్చడి చెయ్యి," అంటాడు మెత్తగా. హైమవతి మిక్సీ వేస్తుంది. ఆయన వంటింటి తలుపు మూస్తాడు. ఆమె ఒకసారి స్టేషన్‌కి వెళితే, "చెవే వినలేదంటే మేమేం రాస్తామమ్మా?" అన్నారు. హాల్లో ఆదర్శ దంపతుల ప్రశంసాపత్రం వేలాడుతోంది.

ఆ శనివారం హైమవతి జారులో ఎండు పసుపుకొమ్ములు వేసి, మోటారు కాలిన వాసన వచ్చేదాకా తిప్పింది. ఇక చెయ్యి లేస్తే చెవికి వినపడి తీరుతుంది.

సాయంత్రం కూరలో ఉప్పు ఎక్కువైంది.

"పచ్చడి చెయ్యి," అన్నాడు సుదర్శనరావు.

"మిక్సీ కాలిపోయిందండీ," అంది హైమవతి, గోడకేసి చూస్తూ.

అంతలో కాలింగ్ బెల్ మోగింది. పక్కింటి భ్రమరాంబ తన మిక్సీని చంకనెత్తుకుని నిలబడి ఉంది.

"వాసన రాగానే మీదే కాలిందనుకున్నా వదినా. ఇదిగో, వాడుకో. రాత్రికి మాత్రం ఇచ్చెయ్యి. రేపు ఆదివారం, మా ఆయన ఇంట్లోనే ఉంటారు."