తడువని కాయితం

రెప్ప కింద పెట్టిన కాయితం అయిదు నిమిషాలైనా తడువలే.

"నీ కండ్లల్ల నీళ్లు ఊరుతలేవమ్మా," అన్నడు మానుకోట కంటి డాక్టరు. "నోరు గూడ ఎండుతుందంటున్నవు. గిది ఇంట్ల ఒకరికుంటె ఇంకొకరికి వచ్చే ఆస్కారం ఎక్కువ. మీ అమ్మకున్నదా?"

రొట్టె బుక్కబుక్కకు నీళ్లు తాగే నన్ను గన్న మా యాడి యాదికొచ్చింది. కుర్చీలకెల్లి ఎగిరి లేసిన.

సకల జనుల సమ్మె, బస్సుల్లేవు. కురవి దిక్కున్న మా తల్లిగారి తండాకు నడిచే పోయిన. తొవ్వల ధర్నా కూసున్నోళ్లు "జై తెలంగాణ" అంటె, అందరికంటె గట్టిగ నేనే అన్న.

"ఏందక్కా, గంత ఖుషి?" అన్నడు అండ్ల ఒకడు.

"నాకు రోగమున్నదట!"

మా తండాలల్ల పెండ్లిబిడ్డను సాగనంపేటప్పుడు తల్లి పట్టుకొని, పాట పాడుకుంట ఏడుస్తది. నా పెండ్లిల యాడి పాడింది గని, ఒక్క చుక్క కారలే. నేనంటె ప్రేమ, పావురం లేదనుకొని పన్నెండేండ్లు సరిగ మాట్లాడలే.

ఇంటికి పోంగనే యాడి మెడ పట్టుకొని డాక్టరు మాటలన్నీ చెప్పిన. యాడి పకపక నవ్వింది.

"గా పొద్దు నువ్వేమనుకుంటవోనని ఎండుమిరపకాయ నలిపి రెండు కండ్లకు రాసుకున్న. మంటే వచ్చింది బిడ్డా, నీళ్లు రాలే."